తీగకు తగిన ద్రవకారి

కర్నూలు నుండి దక్షిణమునకు వచ్చు రైలుమార్గమును, గుంతకల్లు వైపునుండి వచ్చు మార్గమును, నంద్యాల మీదుగా గుంటూరు దిక్కునకు సాగు మార్గమును డోన్ పట్టణమున కలిసికొనును. ద్రోణాచలమనునది ఈ ఊరికి పాతపేరు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పటినుండి డోన్ ఆ జిల్లాలోనిదైనది. కూడలి స్టేషనులో నిలిచినవారి చూపు రైళ్లమీదను, పట్టాలమీదను పోవును గాని, ఆ పట్టాల వెంబడి పోవు సన్నని తీగలమీదికి పోదు. సిగ్నలు దీపమునకు వెలుగు నిచ్చునది తీగ. స్టేషను నుండి స్టేషనుకు మాట చేర్చునది తీగ. తీగ ఉన్నచోట అతుకు ఉండక తప్పదు. అతుకు చెడినచో తీగ యెంత మంచిదైనను వ్యర్థమే.

తీగలను అతుకుటకు టంకము వాడుదురు. టంకము అంటుటకు ముందు పూయవలసిన పదార్థమొకటి కలదు. దానిని శాస్త్రగ్రంథములలో ద్రవకారి యందురు. దుకాణములో ఫ్లక్స్ అని అడిగిన ఇత్తురు. చూచుటకు చిటికెడు పదార్థమే. కాని అతుకు పది సంవత్సరములు నిలుచునా, ఒక వానకాలముతో సరియా యనునది చాలవరకు ఆ చిటికెడు పదార్థమును బట్టియే యుండును.

డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్ల బజారులలో లోహమును అతుకు పనివారు మూడు విధములవారు కనబడుదురు. కంసాలి బంగారు నగను అతుకునప్పుడు వెలిగారమును వాడును. ఇత్తడి గిన్నెకు కళాయి వేయువాడు నవాసాగరమును వాడును. స్టీలుపాత్రలు వచ్చిన పిమ్మట ఇట్టివారు అరుదైరి గాని, పెద్ద గుండిగలకు కళాయి పెట్టించుకొనువారు నేటికిని కలరు. ఇక రేడియోలు, ఫ్యానులు, మోటార్లు బాగుచేయువాడు పసుపువన్నె జిగురుముద్ద నొకదానిని డబ్బీలో పెట్టుకొని వాడును. అది రోజిన్. ముగ్గురిదియు ఒక విధముగ అతుకు పనియే. అట్లయిన ఒకరి పొడిని మరియొకరు వాడుకొనరాదా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినవానికి ద్రవకారిని ఎన్నుకొను మర్మము తెలిసినట్లే.

ఇచ్చట భాషకు సంబంధించిన మాట యొకటి. సంస్కృతమున టంకణమనగా వెలిగారమే. అతుకునకు కరగించు లోహమును తెలుగున టంకమందుము. టంకశాలలోని టంకము మాత్రము వేరు, అది నాణెము. నాణెములు ముద్రించుచోటు గనుక టంకశాల యైనది.

రాగితీగను గీసి చూచినచో లోపల ఎర్రగా మెరయును. కొంతకాలము గాలి తగిలిన పిమ్మట అది వన్నె తగ్గి నల్లబడును. గాలిలోని ప్రాణవాయువు రాగితో కలిసి సన్నని పొర యేర్పడుటయే దీనికి కారణము. దానిని ఆక్సైడు పొర యందురు. కరగిన టంకమును ఈ పొరమీద వేసినచో తామరాకుమీది నీటిబొట్టు వలె గుండ్రముగ నిలిచి జారిపోవును గాని అంటదు. తీగను కాచిన కొలది ఈ పొర మరింత త్వరగా పెరుగును. అతుకవలెనన్న కాచక తప్పదు. కాచినచో పొర హెచ్చును. ఈ చిక్కును విప్పునది ద్రవకారి. అది వేడికి కరగి ఆక్సైడు పొరను కరగించి తొలగించును. తొలగిన చోటిని తాను కప్పి గాలి తగులకుండ కాపాడును. టంకము వచ్చినప్పుడు ప్రక్కకు తప్పుకొని దానికి దారి యిచ్చును. అప్పుడు టంకము బొట్టుగా నిలువక పలుచగా ప్రాకి తీగ పోగుల నడుమకు చేరును.

దీనిని బట్టి ద్రవకారికి ఉండవలసిన మొదటి గుణము తెలియుచున్నది. అది టంకముకంటె ముందుగా కరగవలెను. విద్యుత్ పనికి చిరకాలముగా వాడుచున్న టంకము తగరము, సీసముల మిశ్రమము. తగరము 232 డిగ్రీల సెల్సియస్ వద్దను, సీసము 327 డిగ్రీల వద్దను కరగును. విచిత్రమేమనగా, 63 పాళ్లు తగరమును 37 పాళ్లు సీసమును కలిపినచో ఆ రెంటికంటెను తక్కువగా 183 డిగ్రీలకే కరగును. వెలిగారము కరగుటకు 740 డిగ్రీలకు పైబడిన వేడిమి కావలెను. కంసాలి కుంపటిలో గొట్టముతో ఊది పుట్టించు మంటకు అది సాధ్యమే. తీగపని యందు అంత వేడిమి పుట్టించినచో తీగపై తొడుగు మాడి బూడిద యగును. సోల్డరింగ్ ఐరన్ మొన కింద వెలిగారము పొడి పొడిగనే మిగులును. కావున వెలిగారము తీగకు పనికిరాదు. ఇది సులభముగ తేలిన సంగతి.

నవాసాగరము సంగతి అంత సులభము కాదు. దానిని వేడి లోహముపై చల్లినప్పుడు తెల్లని పొగ లేచుట కళాయి వేయుచోట చూచినవారందరును ఎరుగుదురు. వేడికి అది విడివడి హైడ్రోక్లోరికామ్లపు ఆవిరిని వెలువరించును. ఆ ఆమ్లము ఎంత మొండి పొరనైనను తినివేయును. రేకుపని చేయువారు వాడు జింకు క్లోరైడు దీనికి దగ్గరి చుట్టము. హైడ్రోక్లోరికామ్లములో తుత్తునాగపు ముక్కలను, బుడగలు వచ్చుట నిలుచువరకు వేసి దానిని తయారుచేయుదురు. ఈ రెంటిని కలిపినచో విడివిడిగా కంటె తక్కువ వేడిమికే కరగి, టంకమునకు చక్కగా దారి యిచ్చును. తుప్పుపట్టిన ఇనుప రేకుకైనను దీనితో టంకము అంటును. ఇంత బలమైన పదార్థము చేతనుండగా తీగలకు మాత్రము ఎందుకు వలదందురు?

కళాయి వేయువాని పని చివరివరకు చూచినచో సమాధానము దొరకును. గిన్నె లోపల తగరము తళతళలాడగనే అతడు దానిని నీళ్లలో ముంచి కడుగును. కంసాలియు నంతే, అతికిన నగను ఆమ్లము కలిపిన నీటిలో వేసి, అంటుకొన్న వెలిగారమును వదలించి, మరల మంచినీటితో కడుగును. ఆ పనులలో ద్రవకారి తన పని ముగియగనే సెలవు పుచ్చుకొనుచున్నది. తీగ అతుకు అట్లు కాదు. అతికిన వెంటనే దానిపై టేపు చుట్టుదురు. గోడలోనో, మోటారు కడుపులోనో, పెట్టెలోనో మూసివేయుదురు. దానిని మరల కడుగువారు లేరు. కడుగబూనినను ఫలము లేదు. తీగలో సన్నపోగులు అనేకములుండును గదా! దీపపు వత్తి నూనెను పీల్చునట్లు ఆ పోగుల సందులు కరగిన ద్రవకారిని పీల్చుకొని తొడుగు క్రిందికి చేర్చును. అక్కడికి నీరు పోయి కడిగి తిరిగి వచ్చుట యసాధ్యము.

కనుక తీగకు ద్రవకారిని ఎన్నుకొనునప్పుడు, అది అతుకు వేయు అర నిమిషములో ఏమి చేయునో చూచుట చాలదు. అతుకు చల్లారిన పిమ్మట అక్కడనే మిగిలి ఏమి చేయుచుండునో చూడవలెను.

జింకు క్లోరైడు గాలిలోని తేమను తనవైపు లాగుకొను స్వభావము కలది. వానలు తక్కువైన డోన్ ప్రాంతమున నైనను సెప్టెంబరు, అక్టోబరు మాసముల గాలిలో దానికి చాలినంత తేమ దొరకును. నంద్యాల చుట్టునున్న కాలువ కింది నల్లరేగడి పొలములలో చెప్పనక్కరలేదు. తేమ చేరగనే అది మరల ఆమ్లగుణమును పొందును. రాగిపై ఆకుపచ్చని చిలుము మొదలగును. ఇందు మరియొక కీడు దాగియున్నది. క్లోరైడు ఒకసారి రాగిని తిని అంతటితో ఖర్చయిపోదు. రాగి, తేమ, ప్రాణవాయువులతో కూడి చిలుముగా మారునప్పుడు కొంత ఆమ్లము మరల విడుదలయై క్రొత్త రాగిపైకి పోవును. అందువలననే రవంత మిగిలినను చాలును. పురావస్తుశాలలలోని ప్రాచీన కంచు విగ్రహములకు పట్టి, వానిని పొడిపొడిగా రాల్చు తెగులు కూడ ఈ జాతిదే.

కాలువగట్టున నున్న పంపుషెడ్డులో మోటారు తీగ తెగినదనుకొందము. దానిని జింకు క్లోరైడుతో ఒకరు అతికిరి. టంకము అద్దమువలె మెరసినది, మోటారు తిరిగినది, అందరును మెచ్చుకొనిరి. రెండు మూడు మాసములకు టేపు లోపల చిలుము పట్టి పోగులు ఒక్కొక్కటిగా తెగుట మొదలిడినది. మిగిలిన కొద్ది పోగులలోనుండియే విద్యుత్తంతయు పోవలసి వచ్చి అతుకు వద్ద నిరోధము పెరిగినది. అది అర ఓము మాత్రమే యనుకొన్నను, పది ఆంపియర్ల విద్యుత్తు పోవునప్పుడు అక్కడ పుట్టు వేడిమి 10 × 10 × 0.5, అనగా 50 వాట్లు. చిన్న పనులకు వాడు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. రెండు సోల్డరింగ్ ఐరన్లను టేపులో చుట్టి వదలినట్లే గదా! టంకము తనంత తాను కరగును, తొడుగు మాడును, పంట నీటికై చూచుచుండగా మోటారు నిలిచిపోవును. అంతటితో ఆగక షెడ్డు అంటుకొనుటయు కలదు. అప్పుడు అందరును కరెంటును నిందింతురు గాని, మెచ్చుకొన్న అతుకును తలచుకొనరు.

ఇది రాగి తరిగిపోవుట వలన కలుగు చేటు. తేమతో కూడిన క్లోరైడు విద్యుద్వాహకమగుట రెండవ చేటు. దగ్గర దగ్గరగా నున్న రెండు కొసల నడుమ ఆ తడి ఒక దొంగదారిని ఏర్పరచి, పోరాని చోటికి విద్యుత్తును పోనిచ్చును. రైల్వే సిగ్నలు విధానమున తీగ తెగుటకంటె దొంగదారియే భయంకరము. ఏలయన, తీగ తెగినచో ఎర్రదీపము వెలిగి రైలు నిలుచునట్లు ఆ విధానమును ఏర్పరచియున్నారు. ఆలస్యమే గాని ప్రాణభయము లేదు. పోరాని విద్యుత్తు పోయినప్పుడు ఏమగునో లండను నగరమున క్లాపమ్ జంక్షను చెంత 1988 డిసెంబరు 12న తెలిసినది. సిగ్నలు గదిలో పనికిరాని పాతతీగ కొసను కత్తిరింపక, కట్టివేయక వదలిరి. అది మరల తన పూర్వస్థానమును తాకి విద్యుత్తు నందించుటచే, ముందు రైలు నిలిచియున్నను వెనుక సిగ్నలు ఎర్రబడలేదు. రైళ్లు ఢీకొని 35 మంది మరణించిరి. అక్కడి తప్పు ద్రవకారిది కాదు, వదలివేసిన తీగది. అయినను పోరాని దారిన పోయిన కొద్ది విద్యుత్తు ఎంత పని చేయగలదో దానివలన గ్రహింపవచ్చును.

ఇక రోజిన్ మాట. హిమాలయపు వాలులలో పెరుగు సరళవృక్షములకు గాటు పెట్టినచో జిగురు కారును. దానిని బట్టీ పట్టినప్పుడు టర్పెంటైను ఆవిరియై పోగా అడుగున మిగులునది రోజిన్. గట్టిగా, పెళుసుగా, తేనెవన్నెతో నుండును. ఫిడేలు వాయించువారు కమానుకు రాచుకొను బిళ్ళ ఇదియే. కమాను తీగపై జారిపోకుండ పట్టునిచ్చుట అక్కడ దాని పని. దీనిలో ముఖ్యముగ నుండునది అబియెటికామ్లము. ఆమ్లమని బెదరనక్కరలేదు. చల్లగా నున్నప్పుడు అది గట్టిపడి, నీటిలో కరగక, ఎవరి జోలికిని పోక నిద్రించును. వేడి తగిలి కరగినప్పుడే మేలుకొని రాగిపైనున్న ఆక్సైడును కరగించును. చల్లారగనే మరల గట్టి పొరయై, మిగిలిన మలినమును తనలో బంధించి ఊరకుండును. ఆ పొరలోనుండి విద్యుత్తు పోదు. తేమయు సులభముగ చొరదు. పని ముగిసినను పోకుండ అక్కడనే యుండి కీడు చేయనిది గనుక, తీగలకు రోజినే తగినది.

దీనికిని లోపము లేకపోలేదు. ఇది మెత్తని స్వభావము కలది. బాగుగ నల్లబడిన తీగను, నూనె పట్టిన తీగను శుభ్రపరుపజాలదు. ఇనుముపై దీని ఆట అంతగా సాగదు. తంతి శాఖవారు ఒకప్పుడు స్తంభములపై లాగిన వార్తాతీగలు ఇనుపవి. అట్టి తీగలను ప్రక్క ప్రక్కన పెట్టి సన్నతీగతో చుట్టి టంకము పోసెడివారు. బహిరంగముగ నున్న ఇనుపతీగకు జింకు క్లోరైడు వంటి ఘాటైన పదార్థము వాడి, కడిగివేయుట సాధ్యమే. మన దేశమున 2013 జూలైతో టెలిగ్రాములు నిలిచిపోయినవి గాని, ఇనుమునకు ఒకటి, రాగికి ఒకటి యను భేదము నేటికిని నిలిచియున్నది. నల్లబడిన రాగితీగకు చేయవలసినది ఘాటైన ద్రవకారిని వెదకుట కాదు. గరుకు కాగితముతో ఎర్రని రాగి బయటపడువరకు తోముట. తోముటకు బద్ధకించిన చేతికే ఘాటైన పదార్థము ముద్దు. మోటారు చుట్టతీగకు పైన సన్నని ఎనామెలు పూత యుండును. దానిని కూడ ముందుగా గీసివేయవలెను.

దుకాణములో టంకము తీగచుట్టగా దొరకును. విద్యుత్ పనికై చేసిన తీగ నడుమ గొట్టమువలె బోలుగా నుండి, అందులో రోజిన్ నింపబడియుండును. చిన్న పనులకు వేరే ద్రవకారి యక్కరలేదు. డబ్బీలలో అమ్ము ముద్దలను మాత్రము పైనున్న వ్రాత చదివి కొనవలెను. చూచుటకు అన్నియు ఒకే తీరుననుండినను కొన్నింటిలో రోజిన్, కొన్నింటిలో జింకు క్లోరైడు ఉండును. నీటి గొట్టములకనియు, రేకుపనికనియు వ్రాసినవి తీగలకు తగవు. వ్రాత చెరిగిన డబ్బీ దొరకినచో పరీక్ష యొకటి కలదు. రాగిరేకును తళతళలాడునట్లు తోమి, ఒక ప్రక్క ఆ ముద్దను, మరియొక ప్రక్క రోజినును కొంచెముగ పూసి, తడిపిన దూది యుంచిన సీసాలో మూతపెట్టి కొన్నిదినములు ఉంచవలెను. పూసిన చోట పచ్చని చిలుము పుట్టినచో ఆ డబ్బీని రేకుపని వారికి ఇచ్చివేయుట మంచిది. కర్మాగారములలో కూడ ఇట్టి పరీక్షయే కొంత సూక్ష్మముగ జరుపుదురు: గాజుపలకపై పొగవలె పలుచని రాగిపూత పూసి, దానిపై ద్రవకారి బొట్టుంచి, ఒక దినము గడచిన పిమ్మట పూత తినివేయబడినదేమో చూతురు.

ద్రవకారి మంచిదైనను పని తీరు చెడినచో అతుకు నిలువదు. తీగలను ముందు గట్టిగా మెలివేయవలెను. లాగుడు భారము మెలిక మోయవలెను గాని టంకము కాదు. సోల్డరింగ్ ఐరన్ మొనను తీగకు ఆనించి, తీగ వేడెక్కిన పిమ్మట టంకమును తీగకు తాకింపవలెను. ఐరన్‌పై టంకము కరగించి చల్లని తీగపై కార్చువారు కలరు. అప్పుడు ద్రవకారి తీగను చేరకముందే పొగయై పోవును. టంకము పైపైన కూర్చుండును. చల్లారువరకు తీగను కదల్పరాదు. ఆ పొగను ముక్కు దగ్గరకు రానీయరాదు. రోజిన్ పొగను దినదినము పీల్చిన పనివారికి ఉబ్బసము కలుగునని వైద్యులు గుర్తించియున్నారు. కిటికీ తెరచి, మొగము ప్రక్కకు త్రిప్పి పనిచేయవలెను. సీసము విషము గనుక చేతులు కడుగనిదే అన్నము ముట్టరాదు. ఐరోపా దేశములలో 2006 జూలై నుండి చాలవరకు విద్యుత్ పరికరములలో సీసము వాడుకను నిషేధించిరి. సీసము లేని టంకములు చాలవరకు 217 డిగ్రీలకు పైగా గాని కరగవు గనుక, వానికై ఆ వేడిమికి తాళు ద్రవకారులను వేరుగ సిద్ధపరచిరి. నీటితో కడుగదగినవి, కడుగనక్కరలేనివి యని క్రొత్త ద్రవకారులు పెక్కులు వచ్చినవి. కడుగవలసినదానిని కడుగక వదలినచో పాతకథయే మరల నడచును.

అల్యూమినియము తీగకు మాత్రము పైవేవియు పనికిరావు. దానిపై పొరను గీసివేసిన మరుక్షణమే క్రొత్తపొర పుట్టును. రోజిన్ దానిని కదల్పలేదు. అట్టి తీగలను తగిన గొట్టపు ముక్కలో దూర్చి సాధనముతో నొక్కి బిగించుట వాడుక.

ఇంటిలోనో, పొలములోనో తెలియక జింకు క్లోరైడుతో అతికిన తీగ యున్నచో ఏమి చేయవలెను? పైన తుడిచి, మరల రోజిన్ పూసి, టంకము వేసిన లాభము లేదు; ఘాటైన పదార్థము తొడుగు క్రిందికి ప్రాకియుండును. ముందు మెయిన్ స్విచ్చి ఆపి, పెద్దల సాయముతో అతుకును పూర్తిగా కోసివేయవలెను. తరువాత తొడుగును కొంచెము కొంచెముగా ఒలిచి చూడవలెను. నలుపు గాని, పచ్చదనము గాని కనబడినంతవరకు తీగను కోయుచు పోయి, పోగులన్నియు ఎర్రగా మెరయుచోట ఆగి, అక్కడ క్రొత్త అతుకు వేయవలెను.